180 కోట్ల నక్షత్రాలు, ఒక మామూలు ల్యాప్‌టాప్: గైయా డేటాతో పని మొదలుపెట్టడం ఎలా?

ఆస్ట్రానమీ డేటా మీద పని చేయాలని ఉంది, ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి అని అడిగే విద్యార్థులు ఈమధ్య బాగా పెరిగారు. ఒక్క ముక్కలో చెప్పమంటే పైథాన్. ఆ ఒక్క ముక్క పట్టుకుని వెళ్లి, కోర్సు పూర్తి చేసి, తీరా అసలు ఫైలు తెరవగానే మెమరీ చాలక ల్యాప్‌టాప్ బిగుసుకుపోతే మళ్లీ మొదటికొస్తారు: "పైథాన్ స్లో అంటగా, సీ ప్లస్ ప్లస్ నేర్చుకోనా? పోనీ జూలియా?" ఇలా ఇరుక్కున్నవాళ్లలో చాలామంది కష్టం భాష మారిస్తే తీరేది కాదు. ఎంత డేటాను అక్కర్లేకుండా కదిలిస్తున్నారు, ఆ డేటా డిస్క్ మీద ఏ రూపంలో, ఏ వరసలో ఉంది అన్న చోటే పని ఆగిపోతుంది.

అందుకే ఈ గైడ్‌లో భాషల గొడవ చివర్లో వస్తుంది. మొదటి నుంచీ ఒకటే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం: నక్షత్రాల స్థానాలు, దూరాలు కొలిచిన యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వారి గైయా ఉపగ్రహం మూడో డేటా విడుదల, అంటే డీఆర్3. ఉచితం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, కాస్త పైథాన్ పరిచయం చాలు. మన గురి కృత్తికలు. కంటికి ఆరో ఏడో చుక్కల గుంపుగా కనిపించే ఆ కృత్తికల్లో నిజంగా ఎన్ని నక్షత్రాలున్నాయో తేలుద్దాం.

ముందు కాగితం మీద లెక్క

గైయా 2013 డిసెంబరు 19న బయల్దేరింది, 2025 జనవరిలో పరిశీలనలు ఆపేసింది. డీఆర్3 వచ్చింది 2022 జూన్ 13న. ప్రధాన పట్టికలో 181 కోట్ల వరసలు, 152 కాలమ్‌లు. ఒక్కో అంకెకు 8 బైట్లు వేసుకుంటే 2.2 టెరాబైట్లు. కుదించిన ఫైళ్లుగా ఇస్తారు కాబట్టి దిగుమతి అంతకన్నా తగ్గుతుంది, కానీ విప్పి చదవబోతే చేరేది ఈ అంకె దగ్గరికే. సెకనుకు 500 ఎంబీ చదివే ఎస్ఎస్‌డీ మీద ఒక్కసారి మొదటి నుంచి చివరి దాకా చదవడానికే గంటా పావు పడుతుంది. మీ ప్రోగ్రామ్ ఏ భాషలో ఉన్నా ఆ గంటా పావు తగ్గదు.

ఇప్పుడు రెండో లెక్క. కృత్తికల పనికి కావలసినవి ఎనిమిది కాలమ్‌లే: సోర్స్ ఐడీ, ఆకాశంలో చోటు చెప్పే రెండు నిర్దేశాంకాలు (ఆర్ఏ, డెక్), పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం, దూరం తేలేది దీంతోనే), ఆకాశంలో నక్షత్రం జరిగే వేగం తాలూకు రెండు కాలమ్‌లు, గైయా కొలిచిన ప్రకాశం (దీన్ని జీ అంటారు), నీలం-ఎరుపు రంగు తేడా. మొదటి మూడింటికి 8 బైట్లు, మిగతా ఐదింటికి 4 బైట్లు చొప్పున ఇస్తే వరసకు 44 బైట్లు. మొత్తం ఆకాశానికే 80 జీబీ. మామూలు ల్యాప్‌టాప్ డిస్క్‌లో పట్టేస్తుంది. ఇక కృత్తికల చుట్టుపక్కల వరకే అయితే కొద్ది ఎంబీల్లో తేలిపోతుంది.

ఏ డేటాసెట్ ముట్టుకున్నా ముందు ఈ గుణకారం చేయండి: వరసలు, కాలమ్‌లు, బైట్లు. వచ్చిన అంకె మీ ర్యామ్‌లో సగం లోపుంటే పైథాన్‌లో నేరుగా తెరవండి. ర్యామ్ దాటినా డిస్క్‌లో పడితే పార్కే అనే ఫైలు రూపంలోకి మార్చుకోవాలి, దాని సంగతి కింద చెప్తాను. డిస్క్ కూడా దాటితే డేటా ఉన్న చోటికే మీ ప్రశ్నను పంపాలి.

ఈ చివరి మాట కొత్తదేమీ కాదు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన జిమ్ గ్రే, జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన అలెక్స్ సాలే కలిసి 2001లో స్లోన్ అనే ఆకాశ సర్వే డేటాను ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌గా పెట్టి, ఎవరైనా బ్రౌజర్‌లో క్వెరీ, అంటే డేటాబేస్‌కు వేసే ప్రశ్న, రాసుకునేలా చేశారు. ఇవాళ పెద్ద సర్వేలన్నీ ఆ బాటలోనే నడుస్తున్నాయి.

మొదటి అడుగు: టాప్‌క్యాట్

కోడ్ రాయకముందు, పట్టికలు తెరిచి చూసే టాప్‌క్యాట్ దించుకోండి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో మార్క్ టేలర్ జావాలో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. చూడ్డానికి పాతకాలం కిటికీలా ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. కోటి వరసల ఫైలు ఇచ్చినా తడబడదు, ఎందుకంటే ఫైలు మొత్తాన్ని మెమరీలోకి లాగకుండా కావలసిన ముక్కను డిస్క్ నుంచే చూస్తుంది. అందులో టాప్ (TAP) క్వెరీ కిటికీ, అంటే దూరంగా ఉన్న డేటాబేస్‌కు ప్రశ్న పంపే చోటు, తెరిచి గైయా సర్వీసును ఎంచుకుంటే, 152 కాలమ్‌ల పేర్లు, ప్రమాణాలు, వివరణలు అన్నీ పక్కనే కనిపిస్తాయి. ఆ వివరణలు చదవడానికి ఒక సాయంత్రం కేటాయించండి. తర్వాత వచ్చే టెన్షన్ సగం అక్కడే తీరిపోతుంది.

దీనికే స్టిల్ట్స్ అని కమాండ్ లైన్ తమ్ముడు ఉన్నాడు. టాప్‌క్యాట్‌లో మౌస్‌తో చేసిన పనినే రాత్రి పడుకునే ముందు స్క్రిప్ట్‌గా పెట్టి వదిలేయాలంటే అదే దిక్కు.

రెండో అడుగు: క్వెరీ రాయడం

ఖగోళ డేటాబేస్‌లతో మాట్లాడే భాష ఏడీక్యూఎల్. ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లకు అరగంట పని. ఆకాశంలో వృత్తం గీయడం, రెండు బిందువుల మధ్య కోణం కొలవడం లాంటివి అదనంగా ఉంటాయి, అంతే. నన్నడిగితే ఖగోళ డేటా కోసం పైథాన్ కన్నా ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

కృత్తికల క్వెరీని మాటల్లో చెప్తాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసుకోండి. సెలెక్ట్ తర్వాత పైన చెప్పిన ఎనిమిది కాలమ్‌లు పేరుపేరునా రాయండి. అన్నీ కావాలని నక్షత్రం గుర్తు (*) పెట్టడం బద్ధకం. 152 కాలమ్‌లూ మీ నెత్తిన పడతాయి. ఫ్రమ్ తర్వాత డీఆర్3 గైయా సోర్స్ పట్టిక. వేర్ తర్వాత నాలుగు షరతులు:

- ఆర్ఏ 56.75, డెక్ 24.12 డిగ్రీలు కేంద్రంగా 5 డిగ్రీల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ఉండాలి.
- పారలాక్స్ 6.5 నుంచి 8.2 మిల్లీ ఆర్క్‌సెకన్ల మధ్య ఉండాలి (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు, మిల్లీ అంటే అందులో వెయ్యో వంతు).
- పారలాక్స్‌ను దాని దోషంతో భాగిస్తే 10 కన్నా ఎక్కువ రావాలి. ఇందుకు ప్రత్యేకంగా ఒక కాలమే ఉంది.
- కదలిక ఆర్ఏ దిశలో (పీఎమ్ఆర్ఏ) 20, డెక్ దిశలో (పీఎమ్‌డెక్) మైనస్ 45.5 చుట్టూ ఏడాదికి 5 మిల్లీ ఆర్క్‌సెకన్ల లోపు ఉండాలి. రెండు తేడాల వర్గాలు కూడి, వర్గమూలం తీసి పోల్చాలి.

నాలుగో షరతే అసలు జల్లెడ. వృత్తం ఒక్కటే పెడితే లక్షల్లో వస్తాయి, అందులో ఎక్కువ భాగం కృత్తికలకు ముందో వెనకో ఉండి దారిన పోయేవి. గుంపులోని నక్షత్రాలు మాత్రం ఒకే మేఘం నుంచి పుట్టి ఒకే దిక్కుకు ఒకే వేగంతో కదులుతున్నాయి. నాలుగు షరతులూ దాటి మిగిలేవి వెయ్యి పైచిలుకు.

ఒక చిన్న ఉచ్చు: గైయా ఇచ్చే పీఎమ్ఆర్ఏలో డెక్ కోణం కొసైన్ ముందే కలిపి ఉంటుంది. పాత పుస్తకం చూసి మళ్లీ గుణిస్తే ఫలితం పాడవుతుంది, ఏ ఎర్రర్ మెసేజూ రాదు.

పెద్ద క్వెరీని నేరుగా వదలకముందు చిన్నదాని మీద పరీక్షించడానికి గైయా వాళ్లే ఒక సదుపాయం ఇచ్చారు. ర్యాండమ్ ఇండెక్స్ అనే కాలమ్‌లో 181 కోట్ల వరసలకూ కలగాపులగంగా సంఖ్యలు వేసి ఉంచారు. అది పది లక్షల లోపు ఉండాలని షరతు పెడితే మొత్తం ఆకాశం నుంచి పక్షపాతం లేని పది లక్షల నమూనా చేతికొస్తుంది. దీన్ని వదిలి "మొదటి పది లక్షలు ఇవ్వు" అంటే మాత్రం ఆకాశంలో ఏదో ఒక మూలవే వచ్చే ప్రమాదం ఉంది. ఆ నమూనాతో గీసిన గ్రాఫ్ చూసి పాలపుంత మొత్తం అలాగే ఉందనుకుంటే అంతే సంగతులు.

మూడో అడుగు: పైథాన్‌లోకి తెచ్చుకోవడం

ఇన్‌స్టాల్ చేయాల్సిన లైబ్రరీలు: నంపై, ఆస్ట్రోపై, ఆస్ట్రోక్వెరీ, మ్యాట్‌ప్లాట్‌లిబ్, పెద్ద పట్టికల కోసం పోలార్స్ లేదా డక్‌డీబీ, ఆకాశాన్ని గళ్లుగా విడగొట్టే హీల్‌పిక్స్ పద్ధతి కోసం ఆస్ట్రోపై-హీల్‌పిక్స్. సిస్టమ్ పైథాన్‌లో కాకుండా ఈ పనికోసం వేరే ఎన్విరాన్‌మెంట్ చేసుకోండి.

ఆస్ట్రోక్వెరీలో గైయా మాడ్యూల్‌కు క్వెరీ పంపే దారులు రెండు. మామూలు లాంచ్ జాబ్ వాడితే 2000 వరసల దగ్గర గుట్టుచప్పుడు కాకుండా ఆగిపోతుంది. కొత్తవాళ్లు "కృత్తికల్లో సరిగ్గా 2000 నక్షత్రాలు దొరికాయి" అని సంబరపడేది ఇక్కడే. గుండ్రటి అంకె కనబడితే అనుమానించండి. లాంచ్ జాబ్ ఎసింక్ వాడితే క్వెరీ క్యూలో నిలబడి తీరిగ్గా నడుస్తుంది, పెద్ద ఫలితాలూ ఇస్తుంది. ఉచితంగా ఖాతా తెరుచుకుంటే పరిమితులు ఇంకా సడలుతాయి, మీ సొంత పట్టికలు అక్కడే దాచుకోవచ్చు.

ఫలితం ఆస్ట్రోపై టేబుల్‌గా వస్తుంది. పట్టికల లైబ్రరీ పాండాస్ అలవాటున్నవాళ్లు వెంటనే డేటాఫ్రేమ్‌లోకి మార్చేస్తారు. మార్చండి, కానీ ఆస్ట్రోపై టేబుల్‌లో ప్రతి కాలమ్‌కూ ప్రమాణం అంటిపెట్టుకుని ఉంటుందని, మార్చగానే అది ఊడిపోతుందని గుర్తుంచుకోండి. డిగ్రీలా, రేడియన్లా అన్న తికమక ఈ రంగంలో రోజూ ఉండేదే.

గ్రాఫ్ గీద్దాం. నిరపేక్ష ప్రకాశం, అంటే నక్షత్రాలన్నీ ఒకే దూరంలో ఉంటే కనిపించే ప్రకాశం, కావాలంటే జీ ప్రకాశానికి, పారలాక్స్ లాగరిథమ్‌ను ఐదుతో గుణించి కలిపి, పది తీసేయాలి. అడ్డంగా రంగు తేడా, నిలువుగా ఈ నిరపేక్ష ప్రకాశం, నిలువు అక్షాన్ని తలకిందులు చేయాలి. పైన ఎడమ నుంచి కింద కుడికి సన్నటి గీతలా నక్షత్రాలు బారులు తీరతాయి. మీ పని సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఆ గీతకు కొంచెం పైన, 0.75 మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలిచే ప్రమాణం) ఎత్తులో, దానికి సమాంతరంగా ఇంకో పలచటి గీత కనిపించాలి. అవి జంట నక్షత్రాలు. ఒకే రకం నక్షత్రాలు రెండు కలిసి ఒకటిగా కనిపిస్తే వెలుగు రెట్టింపవుతుంది, ఆ రెట్టింపే 0.75. రెండో గీత మసగ్గా అయినా కనబడకపోతే జల్లెడ దగ్గరికి వెనక్కి వెళ్లండి.

సగటు పారలాక్స్ 7.36 చుట్టూ వస్తుంది. వెయ్యిని దానితో భాగిస్తే 136 పార్సెక్‌లు, అంటే 440 కాంతి సంవత్సరాల పైన. కృత్తికలకు ఈ భాగహారం చెల్లుతుంది, ఎందుకంటే దోషం తక్కువ ఉన్నవాటినే తీసుకున్నాం. దూరపు మసక నక్షత్రాలకు చెల్లదు. గైయాలో రుణాత్మక పారలాక్స్‌లు కూడా కోట్లలో ఉన్నాయి. అవి తప్పులు కావు, కొలత దోషం పారలాక్స్ కన్నా పెద్దదైతే అలాగే వస్తాయి. వాటిని తీసి పారేస్తే మిగిలిన సగటు ఒకవైపుకి ఒరిగిపోతుంది. అలాంటి చోట బైలర్-జోన్స్ బృందం 147 కోట్ల నక్షత్రాలకు లెక్కగట్టిన దూరాల పట్టిక ఆర్కైవ్‌లోనే ఉంది, దాన్ని జోడించుకోండి.

ఫైళ్ల రూపాలు: ఇక్కడ తొందరపడొద్దు

ఖగోళశాస్త్రం సొంత ఫైలు రూపం ఫిట్స్. 1981లో ప్రచురించిన ప్రమాణం, ఇంకా నడుస్తోంది. హెడర్‌లో 80 అక్షరాల కార్డులు, 2880 బైట్ల దిమ్మెలు. పంచ్ కార్డుల కాలం వాసన అందులో అలాగే ఉంది. దాని అంకెల్లో పెద్ద విలువ బైటు ముందుంటుంది (బిగ్ ఎండియన్), మన ల్యాప్‌టాప్‌లన్నీ చిన్న విలువ బైటు ముందు పెడతాయి (లిటిల్ ఎండియన్). అందుకే ఫిట్స్ నుంచి తీసిన నంపై అర్రేని నేరుగా పాండాస్‌కిస్తే అర్థంకాని ఎర్రర్ వస్తుంది. విరుగుడు సులువు: ఫిట్స్‌ను ఆస్ట్రోపై టేబుల్‌గా చదివి, దాని టు పాండాస్ ఫంక్షన్ వాడండి, బైట్ల క్రమాన్ని అదే తిప్పుతుంది. నెట్‌లో దొరికే పాత చిట్కాల్లోని న్యూబైట్ఆర్డర్ పద్ధతిని నంపై 2లో అర్రేల నుంచి తీసేశారు, ఆ దారి ఇక పనిచేయదు.

సీఎస్‌వీ, అంటే కామాలతో విడగొట్టిన టెక్స్ట్ ఫైలు, మనుషులు చదవడానికి బాగుంటుంది, యంత్రానికి భారం. గైయా మొత్తం పట్టిక కుదించిన సీఎస్‌వీ ఫైళ్లుగా దొరుకుతుంది, మూడు వేలకు పైగా ఉంటాయి. వాటిలో రెండు చిక్కులున్నాయి. పైన హ్యాష్ గుర్తు (#)తో మొదలయ్యే బోలెడు వివరణ వరసలు ఉంటాయి, వాటిని కామెంట్లుగా వదిలేయమని చెప్పాలి. విలువ లేని చోట ఖాళీ వదలకుండా నల్ అని రాసి ఉంటుంది. అది చెప్పకపోతే మొత్తం కాలమ్‌ను అక్షరాలుగా చదివేసి మెమరీని నాలుగైదు రెట్లు మింగేస్తుంది.

ఇంకో సంగతి: సోర్స్ ఐడీ 19 అంకెల దాకా ఉండే పూర్ణాంకం. ఎక్సెల్ 15 అంకెల తర్వాత సున్నాలు పెట్టేస్తుంది. ఖాళీలున్న పూర్ణాంకాల కాలమ్‌ను పాండాస్ మామూలుగా దశాంశాలుగా మార్చేస్తుంది. 64 బిట్ల దశాంశ సంఖ్య సుమారు 9 వేల లక్షల కోట్ల దాకానే పూర్ణాంకాన్ని తేడా లేకుండా పట్టుకోగలదు, అది దాటితే చివరి అంకెలు మారిపోతాయి. ఐడీ చూడ్డానికి బాగానే ఉంటుంది, ఏ పట్టికలో వెతికినా దొరకదు. ఐడీ ఎప్పుడూ 64 బిట్ల పూర్ణాంకమే.

నిర్దేశాంకాల్లో పొదుపు చేయబోయి 32 బిట్లకు కుదించడం ఇంకో పొరపాటు. 256 డిగ్రీలు దాటిన చోట 32 బిట్ల సంఖ్యకు వరసగా వచ్చే రెండు విలువల మధ్య ఎడం 0.11 ఆర్క్‌సెకన్లు. గైయా మంచి నక్షత్రాల స్థానాలను మిల్లీ ఆర్క్‌సెకన్‌లో వందో వంతుల స్థాయిలో కొలిచింది. వేల కోట్ల రూపాయల పరికరం సాధించిన కచ్చితత్వాన్ని ఒక్క టైపు మార్పుతో పోగొట్టుకున్నట్టే. ప్రకాశానికి, రంగుకు మాత్రం 32 బిట్లు ధారాళంగా సరిపోతాయి.

మొత్తం ఆకాశం కావాలంటే: పార్కే

అప్పుడప్పుడు ఆర్కైవ్ చాలదు. మొత్తం మీద పదేపదే తిరగాల్సిన పని ఉంటుంది. అప్పుడు ఫైళ్లన్నీ ఒక్కసారి దించకండి. ఒక ఫైలు దించడం, పోలార్స్‌తో కావలసిన ఎనిమిది కాలమ్‌లే చదవడం, టైపులు సరిచేయడం, పార్కేగా రాయడం, దించిన ఫైలు చెరిపేయడం. దీన్ని లూప్‌లో పెడితే డిస్క్ ఎప్పుడూ 80 జీబీ దరిదాపుల్లోనే ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా, నెట్ తెగినా అక్కడి నుంచే మొదలయ్యేలా, పార్కే ఫైలు ఇప్పటికే ఉంటే దాటేయమని ఒక షరతు రాయండి.

పార్కేలో డేటా కాలమ్‌ల వారీగా ఉంటుంది. ప్రకాశం ఒక్కటే అడిగితే ప్రకాశం ఒక్కటే చదువుతుంది. పైగా వరసలను గుంపులుగా విడగొట్టి, ప్రతి గుంపులో ఒక్కో కాలమ్ కనిష్ఠ గరిష్ఠ విలువలు రాసిపెడుతుంది. మీరడిగిన పరిధి ఆ గుంపులో లేదని తేలితే దాన్ని తెరవనే తెరవదు.

ఇక్కడే సోర్స్ ఐడీ గొప్పదనం బయటపడుతుంది. అది ఊరికే ఇచ్చిన నంబరు కాదు, పిన్‌కోడ్ లాంటిది. ఆకాశాన్ని సమాన వైశాల్యం ఉన్న గళ్లుగా విడగొట్టే హీల్‌పిక్స్ పద్ధతిలో 12వ మెట్టు దగ్గర 20 కోట్ల పైచిలుకు గళ్లుంటాయి. సోర్స్ ఐడీని 2 ఘాతం 35తో పూర్ణాంక భాగహారం చేస్తే నక్షత్రం ఉన్న గడి నంబరు వస్తుంది. 2 ఘాతం 43తో భాగిస్తే 8వ మెట్టు గడి, 2 ఘాతం 49తో అయితే 5వ మెట్టు గడి. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా నాలుగు గళ్లు కలిసి ఒకటవుతాయి. ఆకాశంలో పక్కపక్కన ఉన్న నక్షత్రాల ఐడీలు చాలావరకు దగ్గర దగ్గర సంఖ్యలే.

దీనివల్ల రెండు లాభాలు. సీఎస్‌వీ ఫైళ్ల పేర్లలో ఉండే రెండు సంఖ్యలు 8వ మెట్టు గళ్ల పరిధే. కాబట్టి మీకు కావలసిన ఆకాశపు ముక్క ఏ గళ్లలో పడుతుందో లెక్కేసి, ఆ కొద్ది ఫైళ్లే దించుకోవచ్చు. రెండోది, పార్కే ఫైళ్లను సోర్స్ ఐడీ వరసలోనే ఉంచితే, ఐడీ ఇంత నుంచి ఇంత దాకా అన్న షరతు ఒక్కటే ఆకాశంలో వెతుకులాటగా పనిచేస్తుంది. ఏ డేటాబేస్ ఇండెక్సూ అక్కర్లేదు. పార్కే రాసేటప్పుడు ఇంకో కాలమ్‌తో వరసపెట్టి దీన్ని చెడగొట్టుకోకండి.

ఒక ప్రయోగం చేసి చూడండి. డక్‌డీబీ తెరిచి, సోర్స్ ఐడీని 2 ఘాతం 49తో భాగించి, గడి వారీగా నక్షత్రాలను లెక్కపెట్టమని ఒక్క క్వెరీ ఇవ్వండి. 12,288 వరసల ఫలితం వస్తుంది. హీల్‌పిక్స్ మ్యాప్‌గా గీస్తే పాలపుంత పట్టీ, దాని మధ్య ధూళి మేఘాల చీలిక, కింద రెండు మెగెల్లానిక్ మేఘాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇందుకు చదవాల్సింది ఒకే కాలమ్, కుదించకముందు 14.5 జీబీ. ఎనిమిది జీబీ ర్యామ్ మీదే నిమిషాల్లో అయిపోతుంది. పోలార్స్‌లోనూ ఇదే పని లేజీ పద్ధతిలో, అంటే అవసరమైనదే చివర్లో చదివేలా, స్కాన్ పార్కేతో మొదలుపెట్టి చివర్లో కలెక్ట్ అనడంతో అవుతుంది. రీడ్ పార్కే అన్నారో, మొత్తం మెమరీలోకి లాగేస్తుంది.

వేక్స్ సంగతి కూడా అడుగుతుంటారు. గైయా లాంటి పట్టికల కోసమే నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పుట్టిన లైబ్రరీ, ఆలోచన చక్కనిది. అభివృద్ధి మందగించింది కాబట్టి కొత్త ప్రాజెక్టుకు నేను సూచించను.

రెండు పట్టికలు కలపడం

గైయా నక్షత్రాలకు టూమాస్ సర్వే పరారుణ ప్రకాశాలు జోడించాలనుకోండి. అటు లక్ష, ఇటు లక్ష ఉంటే, ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చే లూప్ రాస్తే వెయ్యి కోట్ల పోలికలు. ఇక్కడ సీ ప్లస్ ప్లస్‌లోకి మారడం కాదు పరిష్కారం, పద్ధతి మార్చాలి. ఆస్ట్రోపైలోని మ్యాచ్ టు కెటలాగ్ స్కై లోపల కేడీ ట్రీ వాడుతుంది, అంటే దగ్గరలో ఉన్నవాటితోనే పోలుస్తుంది కాబట్టి లక్షల వరసలు సెకన్లలో తేలతాయి. కోట్లయితే స్టిల్ట్స్, లేదా ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్ డేటా కేంద్రం ఉచితంగా నడిపే ఎక్స్‌మ్యాచ్ సర్వీసు.

దానికన్నా ముఖ్యం కాలం. గైయా డీఆర్3 స్థానాలు 2016.0 నాటివి. టూమాస్ ఆకాశాన్ని చూసింది 1997 నుంచి 2001 మధ్య. బర్నార్డ్ నక్షత్రం ఏడాదికి 10.3 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది, పదహారేళ్లలో 165. ఒక ఆర్క్‌సెకన్ పరిధిలో వెతికితే అది దొరకనే దొరకదు, వేగంగా కదిలే పొరుగు నక్షత్రాలన్నీ ఇలాగే జారిపోతాయి. ముందు గైయా కదలికలతో స్థానాలను వెనక్కి జరిపి, అప్పుడు పోల్చాలి. ఆస్ట్రోపైలో అప్లై స్పేస్ మోషన్ ఉంది.

పాత స్థానాల విలువ గురించి ఒక ముచ్చట. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ప్రపంచ ఆకాశ పట ప్రాజెక్టులో పాలుపంచుకుని, తనకు కేటాయించిన భాగాన్ని గాజు పలకల మీద ఫొటోలు తీసి కొలిచింది. వివిధ దేశాల ఆ కొలతలన్నీ కలిపిన ఆస్ట్రోగ్రాఫిక్ కెటలాగ్‌ను, 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో నక్షత్రాల కదలికలు లెక్కగట్టడానికి వాడారు. డెబ్భై ఎనభై ఏళ్ల ఎడం ఉన్న కొలత దొరకడం మామూలు విషయం కాదు.

ఇప్పుడు భాషల సంగతి

ఇక్కడిదాకా వాడిన పైథాన్ నిజానికి పురమాయించే భాషే. నంపై లోపల సీ ఉంది, పోలార్స్ రస్ట్‌లో రాశారు, డక్‌డీబీ సీ ప్లస్ ప్లస్. భారం మోసేది అవి. కాబట్టి మీ కోడ్ స్లోగా ఉందంటే ముందు ప్రొఫైలర్ పెట్టి కోడ్‌లో ఏ లైను దగ్గర ఎంతసేపు గడుస్తోందో చూడండి. ఫైలు చదవడంలో గడుస్తుంటే పైన చెప్పిన దారులు. పైథాన్ ఫర్ లూప్‌లో గడుస్తుంటే నంపై అర్రే లెక్కగా మార్చండి. మార్చడం కుదరని లెక్క, ఉదాహరణకు ప్రతి నక్షత్రం కక్ష్యను అడుగడుగునా జరిపి చూడటం లాంటిదైతే, నంబా వాడండి. ఫంక్షన్ మీద ఒక్క గుర్తు పెడితే యంత్రభాషలోకి మారుస్తుంది.

నంబా కూడా చాలకపోతేనే జూలియా. పనికిరాదని కాదు. 2017లో సెలెస్ట్ అనే జూలియా ప్రోగ్రామ్ అమెరికాలోని కోరి సూపర్ కంప్యూటర్ మీద 178 టెరాబైట్ల స్లోన్ చిత్రాల నుంచి 18.8 కోట్ల ఖగోళ వస్తువుల పట్టికను 14.6 నిమిషాల్లో తయారుచేసింది. ఆ స్థాయి గణాంక నమూనా మీ చేతిలో ఉంటే జూలియా నేర్చుకోవడానికి పెట్టిన సమయం దండగ కాదు. జల్లెడ పట్టి గ్రాఫ్ గీసే పనికి మాత్రం ఆ శ్రమ అక్కర్లేదు.

సీ ప్లస్ ప్లస్ కావాల్సింది పైప్‌లైన్, అంటే టెలిస్కోప్ ముడి డేటాను శుద్ధి చేసే సాఫ్ట్‌వేర్, రాసేవాళ్లకు. చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ సాఫ్ట్‌వేర్ పైన పైథాన్, లోపల సీ ప్లస్ ప్లస్. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో డేటా మీద పనిచేసేవాళ్లు వాడే కాసా అనే సాఫ్ట్‌వేర్ కూడా అదే తీరు. ఫోర్ట్రాన్ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, కానీ సిమ్యులేషన్ల వైపు వెళ్తే చదివి అర్థం చేసుకునేంత రావాలి. ఐడీఎల్ అనే పాత భాష లైసెన్సు కొనకండి. మీ రీసెర్చ్ గైడ్ అందులో రాసిన పాత కోడ్ ఇస్తే అందులోని లెక్క పట్టుకుని పైథాన్‌లో తిరగరాయడమే మేలు.

సొంత మెషీన్ లేకపోతే

జాన్స్ హాప్కిన్స్ వారి సైసర్వర్, అమెరికా నోయర్‌ల్యాబ్ వారి ఆస్ట్రో డేటా ల్యాబ్ రెండూ బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే నోట్‌బుక్‌ను ఉచితంగా ఇస్తాయి, పెద్ద సర్వేల డేటా పక్కనే ఉంటుంది. కంప్యూటర్ ల్యాబ్ సాయంత్రం ఐదింటికి మూసేసే కాలేజీలో ఉన్నవాళ్లకు ఇవి పెద్ద ఆసరా.

ముందుముందు ఇదే తప్పనిసరి అవుతుంది. చిలీలో సెర్రో పచోన్ కొండ మీది రూబిన్ టెలిస్కోప్ 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. 3200 మెగాపిక్సెళ్ల కెమెరా, రాత్రికి సుమారు 20 టెరాబైట్లు, పదేళ్ల సర్వే. అది ఎవరి ఇంటికీ రాదు. పెద్ద పట్టికల కోసం హ్యాట్స్ అనే ఫైలు పద్ధతి, దాని మీద ఎల్ఎస్‌డీబీ అనే పైథాన్ లైబ్రరీ తయారయ్యాయి. లోపల చూస్తే హీల్‌పిక్స్ గళ్ల వారీగా విడగొట్టిన పార్కే ఫైళ్లు, వాటి పనిని చాలా ప్రాసెసర్లకు పంచి నడిపే డాస్క్ అనే లైబ్రరీ. పైన మీరు చేత్తో చేసిన పనే అక్కడ పెద్ద ఎత్తున జరుగుతోంది కాబట్టి కొత్తగా అనిపించదు.

పని ముగించేముందు క్వెరీ పాఠం, నడిపిన తేదీ, డేటా విడుదల నంబరు మూడూ ఫలితం ఫైలు పక్కనే టెక్స్ట్ ఫైలులో రాసిపెట్టండి. గైయా నాలుగో విడుదల 2026 డిసెంబరులో అని ప్రకటించారు. డీఆర్2 నుంచి డీఆర్3కు వచ్చినప్పుడు కొన్ని నక్షత్రాల సోర్స్ ఐడీలు మారాయి, పాత ఐడీకి కొత్త ఐడీ ఏదో చెప్పే ప్రత్యేక పట్టికను ఆర్కైవ్‌లో పెట్టాల్సి వచ్చింది. డీఆర్4 వచ్చాక మీ కృత్తికల జాబితాను పాత ఐడీలతో నేరుగా జోడించకండి, ముందు అలాంటి పట్టిక కోసం చూడండి.